రివర్స్ ఒక్కటే నేర్చుకోవడానికి పది క్లాసులు: నా అనుభవం

లైసెన్స్ చేతికొచ్చిన నాలుగు నెలల తర్వాత కూడా కారు వెనక్కి తీయాలంటే నాకు అరచేతులు చెమటలు పట్టేవి. ముందుకైతే వనస్థలిపురం నుంచి ఉప్పల్‌లో మా ఆఫీసు దాకా ఏ టెన్షనూ లేకుండా వెళ్లేదాన్ని. సెల్లార్‌లోంచి కారు బయటికి తీసి పెట్టడం మాత్రం మా ఆయన పని. ఆయన ఊళ్లో లేని రోజు కారు అక్కడే ఉండేది, నేను బస్సెక్కేదాన్ని.

ఆ భయం పోగొట్టిన ఒక పెద్దాయన క్లాసుల గురించి ఈ రివ్యూ. ఆయనకు బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. లైసెన్స్ ఉండి కూడా నడపడానికి భయపడేవాళ్లకు, వాళ్ల కారులోనే, వాళ్లింటి దగ్గరే నేర్పిస్తారు. గంటకు 500 రూపాయలు. నేను పది గంటలు తీసుకున్నాను, పదీ రివర్స్ కోసమే.

ముందు నేను చేరిన డ్రైవింగ్ స్కూల్ పేరు ఇక్కడ రాయను. అక్కడి 20 రోజుల కోర్సులో రివర్స్‌కు ఇచ్చింది రెండే రోజులు. అదీ టెస్టులో వచ్చే హెచ్ ట్రాక్ కోసం, అంటే కర్రలు పాతిన ‘H’ ఆకారపు దారిలో కారు వెనక్కి తీయడం కోసం. “వెనక కిటికీ మూలలో రెండో కర్ర కనిపించగానే స్టీరింగ్ ఒకటిన్నర చుట్టు తిప్పండి మేడమ్” అని గుర్తులు చెప్పారు. బట్టీ పట్టాను, పాసయ్యాను. మా సెల్లార్‌లో ఆ కర్రలు ఉండవు. పిల్లర్లు ఉంటాయి, పక్కవాళ్ల కారు ఉంటుంది, అడ్డదిడ్డంగా పెట్టిన స్కూటీలు ఉంటాయి, సాయంత్రమైతే సైకిళ్లు తొక్కే పిల్లలు ఉంటారు. పైగా స్కూల్ వాళ్ల కారు స్విఫ్ట్, దాంట్లో రివర్స్ ఐదో గేరు కింద కుడివైపు పడుతుంది. మాది 2016 గ్రాండ్ ఐ10. గేర్ రాడ్ మీదున్న రింగు పైకి లాగి, ఎడమకు జరిపి ముందుకు వేయాలి. రింగు లాగకపోతే పడేది ఫస్ట్ గేరు. ఎదురుగా అడుగు దూరంలో గోడ ఉన్నప్పుడు ఆ తేడా చిన్నది కాదు. ఈ సంగతి నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం ధైర్యం చేసి నేనే తీశాను. వెనక అంతా ఖాళీగా ఉందని చూసుకున్నాను. కారు సగం కూడా బయటికి రాకముందే స్టీరింగ్ కుడికి తిప్పేశాను. వెనక భాగం చక్కగా కుడికి వెళ్లింది. ముందున్న ఎడమ మూల మాత్రం పిల్లర్‌కు రాసుకుంది. బంపర్ నుంచి చక్రం పైదాకా గీత. 6,500 అయింది. డబ్బు పోయినందుకు కాదు నా బాధ, ఎందుకలా జరిగిందో అర్థం కానందుకు. నేను వెనక్కే చూస్తున్నాను, వెనక ఏదీ తగల్లేదు. మరి తప్పెక్కడ?

ఆ పెద్దాయన (నేను అంకుల్ అంటాను) మొదటి రోజు ఈ కథంతా విని, నన్ను కారు దిగి పిల్లర్ పక్కన నిలబడమన్నారు. తను సీట్లో కూర్చుని, నేను చేసిన తప్పునే కావాలని నిదానంగా చేసి చూపించారు. “వెనక్కి చూడకు బిడ్డా, మూతి చూడు” అన్నారు. కారు వెనక్కి వెళ్తుంటే ముందు మూల పిల్లర్ వైపు జరిగి జరిగి, జానెడు దూరంలో ఆగింది. “తోక కుడికి పోతే మూతి ఎడమకు పోతది. మూతి పిల్లర్ దాటేదాంక స్టీరింగ్ ముట్టొద్దు.” ఆ ఆదివారం నుంచి నన్ను తినేస్తున్న ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు దొరికింది. ముందుకు వెళ్లేటప్పుడు మలుపులో వెనక చక్రం లోపలికి కోసుకొస్తుంది కాబట్టి వెనక మూల చూసుకోవాలి. వెనక్కి వచ్చేటప్పుడు ముందు మూల బయటికి ఊగుతుంది కాబట్టి దాన్ని చూసుకోవాలి. తిప్పే లెక్క కూడా ఆయన చెప్పినంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు: వెనక భాగం ఎటు పోవాలో స్టీరింగ్ అటే తిప్పు, అంతే.

ఆ రోజు నాచేత ఇంజిన్ స్టార్ట్ చేయించలేదు. మా పాప కూర్చునే చిన్న ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెప్పించారు. దాన్ని వెనక బంపర్‌కు ఆనించి పెట్టి, “కనిపిస్తుందా?” అని అడిగారు. మధ్య అద్దంలో లేదు, పక్క అద్దాల్లో లేదు, మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూసినా లేదు. ఒక్కో అడుగు వెనక్కి జరుపుతూ అడుగుతూనే ఉన్నారు. ఐదు అడుగులు, ఏడు, పది. నాకు కనిపించలేదు. మూడేళ్ల మా పాప నేల మీద కూర్చుంటే ఆ కుర్చీ అంత కూడా ఉండదు. మా సెల్లార్‌లో పిల్లలు బంతి కోసం కార్ల కిందికి వంగి చూస్తుంటారు. ఆ కుర్చీని చూశాక నాకు కాసేపు మాట రాలేదు. కారున్న ప్రతి ఇంట్లో ఇంజిన్ ఆపేసి, ఇంట్లో ఉన్న ఏ చిన్న కుర్చీతోనైనా ఒక్కసారి ఇలా చేసి చూడమని బతిమాలుతున్నాను. పావుగంట పని.

ఆయన ఎందుకంత పట్టుదలగా చూసుకోమంటారో తర్వాత తెలిసింది. బస్సు వెనక్కి తీయాలంటే కండక్టర్ దిగి వెనక నిలబడి విజిల్ వేయాలి. ఆ విజిల్ వినిపిస్తేనే డ్రైవర్ కదిలిస్తాడు. తన సర్వీసంతా అలాగే తీశానన్నారు. “నీకు కండక్టర్ లేడు బిడ్డా. నువ్వే దిగాలె, నువ్వే చూడాలె, నువ్వే ఎక్కాలె.” ఆ పది రోజుల్లో కారు చుట్టూ తిరగకుండా నేను సీట్లో కూర్చుంటే తాళం చేతికి ఇచ్చేవారు కాదు. మూడో రోజు నేను విసుక్కున్నాను కూడా. ఇప్పుడు చెప్పులు వేసుకున్నంత అలవాటుగా చుట్టూ తిరిగి వస్తున్నాను.

వాచ్‌మన్ సాయం గురించి చెప్పింది నాకు బాగా పనికొచ్చింది. మన దగ్గర కారు వెనక్కి తీస్తుంటే ఎవరో ఒకరు వచ్చి “ఆనేదో, ఆనేదో... బస్ బస్” (రానీ, రానీ... చాలు చాలు) అంటారు. సరిగ్గా కారు వెనకే నిలబడి అంటారు, లేదా ఎక్కడో కనపడని చోట నుంచి అరుస్తారు. అంకుల్ మా వాచ్‌మన్‌ను కూడా పిలిచి చెప్పారు: డ్రైవర్ వైపు అద్దంలో నీ ముఖం కనిపించే చోట నిలబడు, చేత్తో చూపించు, నోటితో కాదు. నాకు చెప్పింది ఇంకా ముఖ్యం. అద్దంలోంచి ఆ మనిషి మాయమైతే అదే క్షణంలో బ్రేక్. ఎటు వెళ్లాడో తెలిసేదాకా కారు కదలకూడదు.

క్లచ్ సంగతి నేను ముందే కొంత నేర్చుకున్నాను కాబట్టి త్వరగా అయిపోయింది. కారు పూర్తిగా ఆగాకే రివర్స్ వేయాలి, లేకపోతే గేరు గరగరమంటుంది. చదును నేల మీద పెట్రోల్ కారుకు యాక్సిలరేటర్ అక్కర్లేదు, క్లచ్ కొంచెం కొంచెంగా వదిలితే తనే పాకుతుంది. కుడికాలు బ్రేక్ మీదే ఉంటుంది. “చీమ నడక” అనేవారు ఆయన. అంత నెమ్మదిగా వెళ్తే తప్పుగా తిప్పినా సరిచేసుకునే టైం ఉంటుంది. అద్దాల్లో మాత్రమే చూస్తూ తీయడం ఆయనకు నచ్చదు. ఎడమ చేయి పక్క సీటు వెనక్కి వేసి, ఒళ్లు తిప్పి వెనక అద్దంలోంచి చూడాలి, మధ్యమధ్యలో రెండు పక్క అద్దాలు, ముందు మూలలు. ఎడమ అద్దం ఉబ్బుగా ఉండడం వల్ల అందులో పిల్లర్ ఉన్నదానికంటే దూరంగా అనిపిస్తుంది. ఆ అద్దంలో “ఇంకా ఉంది” అనిపించగానే ఆపి దిగి చూడమన్నారు. దిగి చూస్తే నిజంగా రెండు జానల దూరమే ఉంది.

ర్యాంప్‌కు మూడు క్లాసులు పట్టాయి. మా ఇంట్లో అసలు కష్టం అదే. నేను పైకి ఎక్కుతుంటే ఎదురుగా కారు దిగుతుంది, అప్పుడు నేనే వెనక్కి రావాలి. వెనకటి రోజుల్లో నేనైతే కారు దిగి ఏడ్చేదాన్ని. న్యూట్రల్ చేసి జారనివ్వొద్దని, రివర్స్ గేరులోనే ఉండి బ్రేక్‌తో ఆపుకుంటూ రావాలని చెప్పి, తెల్లవారుజామున ర్యాంప్ ఖాళీగా ఉన్నప్పుడు పాతిక సార్లు చేయించారు. పక్క గోడకూ కారుకూ మధ్య దూరం రెండు వైపులా సమానంగా ఉందా లేదా అన్నది అద్దాల్లో చూసుకోవడం అక్కడే వంటబట్టింది.

మా తమ్ముడి కొత్త కారులో కెమెరా, సెన్సర్లు ఉన్నాయి. 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనక సెన్సర్లు తప్పనిసరి కదా. చివరి క్లాసు ఆ కారు మీద చేయించుకున్నాను. సన్నని ఇనుప కడ్డీ నిలబెట్టి చూస్తే సెన్సర్ చాలా దగ్గరికి వెళ్లేదాకా కూయలేదు. బంపర్ కంటే కిందున్న ఇటుకకు అసలు కూయలేదు. కెమెరాలో మా పాప కుర్చీ స్పష్టంగా కనిపించింది, అది నిజంగా గొప్ప సాయం. కానీ పిల్లర్‌కు రాసుకునే ముందు మూల ఆ తెరలో కనిపించదు. కెమెరా అద్దం మీద బురద పడితే వెనక ఉన్నది కూడా కనిపించదు. కెమెరా ఉన్నవాళ్లు కూడా ముందు అది లేకుండా నేర్చుకోవాలన్నది ఆయన పట్టు, నాదీ ఇప్పుడు అదే మాట.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అర తగ్గించడానికి కారణాలున్నాయి. ఉదయం 5:30 నుంచి 8 లోపే వస్తారు, స్కూలుకు పిల్లల్ని తయారు చేయాల్సిన తల్లులకు అది కష్టం. రోడ్డు పక్కన రెండు కార్ల మధ్య పెట్టే పార్కింగ్‌కు ఒక్క గంటే ఇచ్చారు, నాకు అది చాలలేదు, ఇప్పటికీ రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కీ ఆడించాల్సి వస్తోంది. గొంతు పెద్దది. కోపం కాదని నాలుగో రోజుకు అర్థమైంది గానీ మొదట్లో బెదిరాను. ఆయన కారులో మీ పక్కన కూర్చుంటారు తప్ప స్కూల్ కారులో ఉన్నట్టు ఆయన వైపు బ్రేక్ ఉండదు. కాబట్టి కొత్తగా స్టీరింగ్ పట్టేవాళ్లు, ఇంకా లెర్నర్ లైసెన్స్ మీదున్నవాళ్లు ముందు మంచి స్కూల్లోనే చేరండి. ఆయన కూడా అలాంటివాళ్లను తీసుకోరు.

పోయిన శనివారం సాయంత్రం మా ఆయన సూర్యాపేటలో ఉన్నారు, అత్తయ్యకు కళ్ల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్. నేనే కిందికి వెళ్లాను. చుట్టూ తిరుగుతుంటే వెనక టైర్‌కు ఆనుకుని పక్క ఫ్లాట్ బాబు కూర్చుని సైకిల్ చైన్ వేసుకుంటున్నాడు. వాణ్ని లేపి లిఫ్ట్ దగ్గర అత్తయ్య పక్కన నిలబెట్టి, ఇంకోసారి చుట్టూ చూసి, మూతి పిల్లర్ దాటేదాకా స్టీరింగ్ ముట్టకుండా కారు తీశాను. అత్తయ్య ఎక్కి సీటు బెల్టు పెట్టుకుంటూ, “ఆ అంకుల్ నంబరు మా చెల్లెలి కోడలికి కూడా ఇవ్వమ్మా” అన్నారు.