జడ్జి మోట్లీ స్టాంపులు: షీటు కొని వాడుతున్నాను, నా అభిప్రాయం

పౌరహక్కుల లాయరుగా, తర్వాత ఫెడరల్ జడ్జిగా పనిచేసిన కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ బొమ్మతో అమెరికా పోస్టల్ సర్వీస్ తెచ్చిన ఫరెవర్ స్టాంపుల గురించి రాస్తున్నాను. 2024 జనవరి 31న విడుదలయ్యాయి. 1978లో హ్యారియెట్ టబ్‌మన్ బొమ్మతో మొదలైన, నల్లజాతి ప్రముఖుల బ్లాక్ హెరిటేజ్ వరుసలో ఇది 47వది. షీటుకు 20 స్టాంపులు. విడుదలైనప్పుడు ఒక్కోటి 68 సెంట్లు, అంటే షీటు 13 డాలర్ల 60 సెంట్లు. తర్వాత రేట్లు పెరిగినా, ఔన్సులోపు మామూలు ఉత్తరానికి అమెరికాలో ఎక్కడికైనా ఇప్పటికీ ఒక్కటే అతికిస్తే సరిపోతుంది. తడి చేసే పని లేదు, వెనక కాగితం మీద నుంచి ఒలిచి అంటించడమే.

కౌంటర్ దగ్గర ఊరికే "స్టాంపులు కావాలి" అంటే చేతికి అందేవి ఎక్కువగా జెండా బొమ్మవే. మోట్లీ షీటు కావాలని పేరు పెట్టి అడగాల్సి వచ్చింది. నేను న్యూజెర్సీలో ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే లాయర్లకు సహాయకురాలిగా, పనిచేస్తున్నాను. ఆమె రాసిన ఒక తీర్పు చదివినప్పటి నుంచి ఆమె అంటే నాకు గౌరవం, అందుకే అడిగి మరీ తెచ్చుకున్నాను.

బొమ్మ ఫోటో కాదు, చార్లీ పామర్ వేసిన పెయింటింగ్. గోరంత స్థలంలో కూడా ముఖం పోలిక చెడకుండా నిలబడింది. కవరు మీద వేరే ఏ అలంకారమూ లేకపోయినా కంటికి నిండుగా ఉంటుంది. నాకున్న వెలితి ఒక్కటే. పేరు చూసి ఆమె ఎవరో తెలియని మనిషికి ఈ స్టాంపు ఏమీ చెప్పదు. థాంక్యూ కార్డులు పంపుతుంటే మా అమ్మాయి "అమ్మా, ఈవిడ సింగరా?" అని అడిగింది. కాదు నాన్నా, జడ్జి అని మొదలుపెడితే కార్డులు రాయడం పక్కకి పోయి గంటసేపు అదే మాట.

ఆమె పుట్టింది 1921లో, కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో. తల్లిదండ్రులు నెవిస్ దీవి నుంచి వలస వచ్చినవాళ్ళు, తండ్రి యేల్‌లో వంటవాడు. పన్నెండు మంది పిల్లల్లో ఆమె తొమ్మిదోది. కాలేజీకి డబ్బు లేని ఇంట్లో, ఒక సభలో ఆమె మాట్లాడింది విని క్లారెన్స్ బ్లేక్స్లీ అనే వ్యాపారి చదువు ఖర్చంతా పెట్టుకున్నాడు. కొలంబియాలో లా పూర్తి చేసింది 1946లో. అంతకు ముందే, 1945లో, పౌరహక్కుల లాయరు థర్గుడ్ మార్షల్ ఆమెను, నల్లజాతివారి హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే ఎన్ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్‌లోకి తీసుకున్నాడు. సుప్రీంకోర్టులో వాదించిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. అక్కడ పది కేసులు వాదించి తొమ్మిది గెలిచింది. ఓడిన పదోది జ్యూరీ ఎంపిక గురించి, 1965లో. ఆమెకు వ్యతిరేకంగా వచ్చిన ఆ తీర్పుకు ప్రాణమైన తర్కాన్ని సుప్రీంకోర్టు 1986లో తానే పక్కన పెట్టింది.

ఈ లాయరు భాగం చాలామందికి తెలుసు. జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి విద్యార్థిని 1962లో, తెల్లవాళ్ళనే చేర్చుకునే మిసిసిపీ యూనివర్సిటీలో చేర్పించిన కేసు చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. జడ్జిగా చేసింది మాత్రం ఆ వెలుగులో మరుగున పడిపోయింది. నా దృష్టిలో ఈ స్టాంపు విలువంతా అక్కడే ఉంది.

అధ్యక్షుడు జాన్సన్ 1966 జనవరిలో ఆమె పేరును న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్ ఫెడరల్ కోర్టుకు పంపాడు. జడ్జి నియామకాలను ముందుగా పరిశీలించే సెనేట్ జ్యుడిషియరీ కమిటీకి అప్పటి చైర్మన్ ఎవరో చూడండి: మిసిసిపీ సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్. ఆ రాష్ట్రపు యూనివర్సిటీ తలుపులు తెరిపించిన లాయరు ఫైలు ఆయన బల్ల మీదికే వచ్చింది. ఆమె కమ్యూనిస్టు అని ఆరోపించాడు, నెలల తరబడి నాన్చాడు. చివరికి ఆగస్టు 30న సెనేట్ ఆమోదించింది. ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమే.

నేను మొదట చెప్పిన తీర్పు 1975 నాటిది. వాల్ స్ట్రీట్‌లోని ఒక పెద్ద లా ఫర్మ్ మీద, ఉద్యోగాల్లో ఆడవాళ్ళ పట్ల వివక్ష చూపుతోందని కేసు పడింది. కేసు మోట్లీ దగ్గరికి వచ్చింది. మీరు ఆడవారు, పౌరహక్కుల లాయరుగా పనిచేశారు, కాబట్టి తప్పుకోవాలి అని ఫర్మ్ తరఫువాళ్ళు అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. జాతి, లింగం, గత వృత్తి చూసి జడ్జిని తీసేయాలంటే ఈ కోర్టులో ఏ జడ్జీ ఈ కేసు వినలేడు, ఎందుకంటే అందరికీ ఒక జాతీ, ఒక లింగమూ ఉన్నాయి, చాలామంది లా ఫర్ముల్లో పనిచేసి వచ్చినవాళ్ళే అని రాసింది. మగ జడ్జి అంటే తటస్థుడు, ఆడ జడ్జి అంటే పక్షపాతం అనే లెక్కకు ఇంతకంటే శుభ్రమైన జవాబు నేను ఎక్కడా చదవలేదు. గొంతు పెంచలేదు, ఒక్క పదం వృథా చేయలేదు. జడ్జిని తప్పుకోమని అడిగే చోట లాయర్లు ఈనాటికీ ఈ తీర్పును ఉదహరిస్తారు.

1978లో ఇంకొకటి. బేస్‌బాల్ ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే లాకర్ రూమ్‌లోకి మగ రిపోర్టర్లను రానిచ్చి, స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక మహిళా రిపోర్టర్ మెలిస్సా లడ్కీని 1977 వరల్డ్ సిరీస్‌లో ఆపేశారు. అది జరిగిన యాంకీ స్టేడియం న్యూయార్క్ నగరానిది, జట్టుకు లీజుకిచ్చింది. కాబట్టి రాజ్యాంగం అక్కడా వర్తిస్తుందని మోట్లీ తేల్చింది. ఆటగాళ్ళ మర్యాద మాటేమిటి అంటే, తువ్వాలు కట్టుకోవచ్చు, తెర వేసుకోవచ్చు కదా, అందుకోసం ఒక మనిషి పని ఆపక్కర్లేదు అన్నది ఆమె ఆలోచన. ఇంట్లో ఎవరైనా తోచి చెప్పగలిగే పరిష్కారమే. ఆ మాట అధికారికంగా అనడానికి ఒక జడ్జి కావలసి వచ్చింది.

జైలు కేసు కూడా చెప్పాలి. మార్టిన్ సోస్ట్రే అనే ఖైదీని న్యూయార్క్ రాష్ట్ర జైల్లో 372 రోజులు ఒంటరి గదిలో ఉంచినందుకు 1970లో నష్టపరిహారం ఇమ్మంది. పై కోర్టు ఆ తీర్పులో కొంత కోసేసింది. 1982 నుంచి 1986 వరకు మోట్లీ తన సదరన్ డిస్ట్రిక్ట్ కోర్టుకు చీఫ్ జడ్జి. 2005లో చనిపోయేదాకా సీనియర్ జడ్జిగా కొనసాగింది.

ఇన్ని విషయాలు ఒక్క స్టాంపులో పట్టవని నాకూ తెలుసు. కనీసం "జడ్జి" అన్న ఒక్క పదం ముఖం పక్కన వేసి ఉంటే బాగుండేది. అయినా మా అమ్మాయికి ఈ కథ చెప్పే అవకాశం ఈ షీటు వల్లే వచ్చింది. ఇప్పుడు స్నేహితులకు కార్డు పంపితే, లోపల ఒక వాక్యం తనే చేరుస్తోంది: స్టాంపు మీద ఉన్నది జడ్జి మోట్లీ అని.

కొనాలనుకునేవాళ్ళకు ఒక సంగతి. ఇండియాకు ఉత్తరం వేస్తే ఈ స్టాంపు ఒక్కటి చాలదు, అంతర్జాతీయ రేటు వేరు. రెండు వేసినా కొంచెం తగ్గుతుంది, మూడు వేయాలి. లేదంటే గ్లోబల్ ఫరెవర్ స్టాంపు విడిగా తీసుకోండి, అది చవక. నేను మాత్రం మా మామయ్యగారికి మూడు మోట్లీలే అంటిస్తున్నాను. ఆయన రిటైరైన బెంచ్ క్లర్కు, కవరు అందగానే ఫోన్ చేసి ఆమె గురించి అడుగుతారు.