నాన్న కోసం కొన్న ఫుడ్ మిల్, పెరటి యాపిల్స్‌తో సాస్

నెలన్నర నుంచి వాడుతున్నా, ఆరుసార్లు సాస్ చేశాక రాస్తున్న రివ్యూ ఇది. తొక్క చెక్కే పని లేకుండా ఇంట్లో యాపిల్ సాస్ చేసుకోవాలనుకునేవాళ్ళు చేత్తో తిప్పే ఈ స్టీల్ ఫుడ్ మిల్ ధైర్యంగా కొనుక్కోవచ్చు, ఒక్క విషయంలో మాత్రం నాకు బాగా కోపం వచ్చింది, అదీ చెప్తా.

నాన్నకి కింది పళ్ళన్నీ తీసేశారు. చిగుళ్ళు మానితే గానీ కట్టుడు పళ్ళు పెట్టరు, అప్పటిదాకా మెత్తటివే తినమన్నారు. సరిగ్గా అప్పుడే పెరట్లో యాపిల్ చెట్టు విరగకాసింది. ఆ చెట్టు నాటింది ఆయనే, ఏటా మొదటి కాయ కోసి చొక్కాకి తుడుచుకుని అక్కడే నిలబడి కొరుక్కు తింటారు. ఈసారి కాయ కోశారు, చేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు, గట్టు మీద పెట్టేసి లోపలికి వచ్చేశారు. అది చూశాక నాకు మనసు ఆగలేదు.

మొదటిసారి మిక్సీతోనే చేశా. పెరటి కాయలు కొనే కాయల్లా ఒకే సైజులో ఉండవు కదా, కొన్ని నిమ్మకాయంత, కొన్నిటికి మచ్చ, కొన్ని ఒకవైపు పురుగు తొలిచినవి, వాటికి తొక్క చెక్కుతూ కూర్చుంటే సగం కండ తొక్కతోనే పోయింది, రెండు గంటలు పట్టింది, తీరా మిక్సీలో తిప్పితే నురగ నురగగా వచ్చింది. నాన్న నాలుగు చెంచాలు తిని చాలమ్మా అన్నారు. పోనీ తొక్కా గింజా అన్నీ కలిపి మిక్సీలో వేద్దామంటే అది అస్సలు చేయకూడదు, యాపిల్ గింజల్లో అమిగ్డాలిన్ ఉంటుంది, గింజ నలిగితే దాన్నుంచి సైనైడ్ పుడుతుంది. పొరపాటున ఒకటో రెండో మింగితే ఏం కాదు గానీ గిన్నెడు కాయల గింజలు నూరి పెద్దాయనకి ఎలా పెడతాం.

ఈ మిల్లు చూడ్డానికి చిల్లుల అడుగున్న గిన్నెలా ఉంటుంది. పైన వంపు తిరిగిన బ్లేడు, దానికి హ్యాండిల్. కాయని నాలుగు ముక్కలు కోసి, పురుగు తిన్నచోటు తీసేసి, తొక్కతో సహా ఒక కప్పు నీళ్ళు పోసి మూతపెట్టి సన్న మంట మీద ఇరవై నిమిషాలు ఉడికించి వేడిగా ఉండగానే ఇందులో వేసి తిప్పడమే, గుజ్జు కిందికి జారుతుంది, తొక్కా గింజా పైనే ఉండిపోతాయి. తిరగడం బరువుగా అనిపిస్తే నాలుగు చుట్లు వెనక్కి తిప్పండి, చిల్లులకి పట్టిన పిప్పిని బ్లేడే గీకి పైకి తెస్తుంది. చివర్లో మిగిలే పిప్పి ఎంతో తెలుసా, కేజీన్నర కాయలకి ఒక గుప్పెడు! సాస్ లీటరుకి కాస్త అటూ ఇటూగా వస్తుంది.

తొక్కతో ఉడికించడం వల్ల రుచిలోనే తేడా వచ్చింది. ఎర్రకాయల రంగు దిగి సాస్ లేత గులాబీ రంగులో ఉంటుంది, చిక్కదనం ఇచ్చే పెక్టిన్ అనే పదార్థం ఎక్కువగా తొక్కలోనూ గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలోనూ ఉంటుంది కాబట్టి ఏమీ కలపకుండానే చిక్కబడుతుంది. నిమ్మరసం వేస్తే రంగు మారకుండా ఉంటుంది కానీ పుండు మీద మంట పుడుతుందని నేను వేయలేదు. పులుపు కాయలైనా అంతే, మొదట్లో తొందరపడి కోసినవి నాన్నకి చురుక్కుమన్నాయి. ఇప్పుడు ఒక కాయ కోసి గింజలు గోధుమరంగుకి తిరిగాయో లేదో చూసి, తిరిగితేనే మిగతావి కోస్తున్నా, చక్కెర అవసరమే పడట్లేదు. కింద రాలి కుళ్ళు పట్టినవి మాత్రం వాడకండి, ఆ బూజు నుంచి పాట్యులిన్ అనే విషం వస్తుంది, ఉడికించినా పూర్తిగా పోదు.

ఇక కోపం సంగతి. గిన్నె అంచు మీద ఆనడానికి మూడు కాళ్ళు ఇచ్చారు, వాటి రబ్బరు తొడుగులు రెండో వారానికే ఊడిపోయాయి, ఒకరోజు తిప్పుతుంటే మిల్లు జారి పొగలు కక్కే సాస్ చేతి మీద పడింది. కంపెనీకి ఫోటోలు పంపా, మూడు మెయిళ్ళు రాశా, జవాబే లేదు. ఇంత మంచి వస్తువు చేసి అంత చిన్న తొడుగు దగ్గర కక్కుర్తి పడటం ఏంటో. ఇప్పుడు తడిగుడ్డ మడిచి కాళ్ళ కింద పెట్టి తిప్పుతున్నా, జారట్లేదు. కడిగాక హ్యాండిల్ కింద స్ప్రింగ్ విప్పి ఆరబెట్టండి, నీళ్ళు అక్కడే నిలబడతాయి. ఐదుకి నాలుగు స్టార్లు, తెగ్గోసిన స్టారు ఆ కాళ్ళకే.

సాస్ ఫ్రిజ్‌లో వారం హాయిగా ఉంటుంది, ఎక్కువుంటే డబ్బాలో పైన కాస్త ఖాళీ వదిలి ఫ్రీజర్‌లో పెట్టండి, గడ్డకడితే ఉబ్బుతుంది.

దీంతో మూడు డిస్కులు వస్తాయి. ఇన్నాళ్ళూ సన్న చిల్లులదే వాడా, పోయినవారం మధ్యదానికి మారా, నాలుక్కి కొంచెం పలుకు తగిలేలా. నాన్న మొదటి చెంచాకే ఆగి, "ఇవి గోడవైపు కొమ్మవి కదూ, ఎండ బాగా తగుల్తుంది" అన్నారు. నిజంగా అవే. గిన్నె ఖాళీ చేసి ఇంకొంచెం వేయమన్నారు. పెద్ద చిల్లుల డిస్కు ఇంకా కవర్లోనే ఉంది, కట్టుడు పళ్ళు వచ్చిన రోజు తీస్తా.