సింగిల్ డోనర్ కుర్చీలో గంటన్నర

ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) ఇద్దామని ఈ బ్లడ్ బ్యాంక్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు ఎడమ చేతికి రెండు పోట్లు పొడిచి, "నరం దొరకట్లేదండీ" అని పంపించేశారు. కుడి చెయ్యి చూడనే లేదు. నాకు అసలే సూదంటే భయం. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదనుకున్నాను. వారం తర్వాత ఒక సిస్టర్ ఫోన్ చేసింది. "ఆ రోజు నేను లేనండి. ఒకసారి రండి, చేతులు నేనే చూస్తాను. నరం తెలియకపోతే పొడవను" అంది. ఆ ఒక్క మాటకే వెళ్ళాను.

అదే కుర్చీ, రక్తంలోంచి ప్లేట్‌లెట్స్ వేరుచేసే అదే మెషిన్. ఆవిడ సూది తీయకముందే రెండు చేతులూ చాలాసేపు తడిమి చూసింది. వేడినీళ్ళ గుడ్డ కుడి మోచేతి మడతలో పెట్టి, రబ్బరు బంతి నొక్కమంది. ఒక్క పోటుతో అయిపోయింది. నేను మాత్రం గోడకేసి చూస్తున్నాను. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ 1954 నుంచి 2018 దాకా 1,173 సార్లు దానం చేశాడు. ఆయన ప్లాస్మాతో, అంటే రక్తంలోని ద్రవంతో, చేసిన యాంటీ-డి ఇంజెక్షన్లు (తల్లీబిడ్డల రక్తం పడక బిడ్డకి హాని జరగకుండా తల్లికి ఇచ్చేవి) లక్షల మంది పసిబిడ్డల్ని కాపాడాయి. ఆయనా సూది దిగేటప్పుడు చూసేవాడు కాదట. నాకు కాస్త ధైర్యమొచ్చింది.

అరగంటకి పెదాలు చిమచిమలాడాయి. నేను నోరు తెరిచేలోపే ఆవిడ నా మొహం చూసి మెషిన్ వేగం తగ్గించింది, క్యాల్షియం మాత్ర ఇచ్చింది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లోకి వచ్చి క్యాల్షియాన్ని పట్టేసుకుంటుందట. ఈలోగా సంచిలో లేత పసుపు రంగు ప్లేట్‌లెట్స్ చేరుతున్నాయి, ఎర్ర కణాలు తిరిగి నా ఒంట్లోకే వస్తున్నాయి. మామూలు రక్తదానమైతే ఆ ఒక్క సంచికి సుమారు ఆరుగురు కావాలి. ఇక్కడ ఒక్కరే చాలు, అందుకే దీన్ని సింగిల్ డోనర్ అంటారు. నిల్వేమో అయిదు రోజులే. అదీ ఫ్రిజ్‌లో కాదు, 20–24 డిగ్రీల్లో, కదులుతూ ఉండే అరల మీద. అందుకే వీళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరికి ఫోన్ చేస్తూనే ఉంటారు.

బయటికొస్తుంటే, మొన్న నన్ను పొడిచిన అబ్బాయి పక్క కుర్చీలో ఒకాయన చేతికి వేడి గుడ్డ చుడుతున్నాడు. సిస్టర్ వెనక నిలబడి చూస్తోంది, చెయ్యి పెట్టట్లేదు.

ఇక లోపాలు. ఒకే వివరాలు మూడు ఫారాల్లో రాయించారు. ఆస్పిరిన్ వేసుకుంటే ప్లేట్‌లెట్స్ సరిగ్గా పనిచేయవు. వేసుకున్నారా అని ఫోన్లోనే అడగొచ్చు, అక్కడికి వచ్చాక అడుగుతున్నారు. నా ముందాయన పాపం ఆ కారణంగానే వెనక్కి వెళ్ళాడు.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను, అందులో రెండు ఆవిడవే. వెళ్ళేవాళ్ళు నీళ్ళు బాగా తాగి వెళ్ళండి. తిరిగి ఎక్కే రక్తం చల్లగా ఉండి వణుకొస్తుంది. దుప్పటి ఉంది కానీ అడిగితేనే ఇస్తారు.