టెస్లా కాయిల్ ప్రైమరీకి ఏసీ రాగి పైపు: తూకం చూసి కొంటే ఒక్క చుట్ట చాలు

తిరుపతిలో ఏసీ, ఫ్రిజ్ స్పేర్లు అమ్మే కొట్లలో అడగాల్సిన సరుకు పావు అంగుళం మెత్త రాగి పైపు, 15 మీటర్ల చుట్ట. మెకానిక్కులు వన్ బై ఫోర్ అంటారు. బయటి వ్యాసం 6.35 మిల్లీమీటర్లు. టెస్లా కాయిల్ (మెరుపుల్లాంటి స్పార్కులు పుట్టించే హై వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్) అడుగున చదునుగా, సుడిలా చుట్టే ఫ్లాట్ స్పైరల్ ప్రైమరీకి ఇంతకంటే మంచిది వెతకనక్కర్లేదు. బోలు పైపు కరెంటుకు ఆగుతుందా అనే అనుమానమూ వద్దు. 200 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు దాదాపుగా పైపొరలోనే, 0.15 మిల్లీమీటర్ల లోతున పారుతుంది. కడ్డీ కొంటే లోపలి రాగి దండగ.

అంగట్లోనే తూకం వేయించండి. గోడ మందం 0.7 మిల్లీమీటర్లయితే చుట్ట 1.65 కిలోలు తూగాలి. 1.2 దగ్గర ఆగితే మందం 0.5 అన్నమాట: కరెంటుకు చాలు గానీ వంచితే నొక్కుకుపోతుంది. అర కిలోకి అటూ ఇటూ తూగితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఆకురాయి పెట్టి గీకితే తెల్లగా బయటపడుతుంది. ముక్కలు కలిపి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద చుట్టిన సెకండరీకి (నిలువుగా నిలబడే సన్న తీగ చుట్టకు) ప్రైమరీ లోపలి వ్యాసం 170 పెట్టండి. ఒక చుట్టు నడిమి నుంచి పక్క చుట్టు నడిమికి 12.7 మిల్లీమీటర్లు ఉంచితే 12 చుట్లకు 12 మీటర్ల పైచిలుకు పడుతుంది, ఇండక్టెన్స్ 50 మైక్రోహెన్రీల దాకా వస్తుంది. పదో చుట్టు దగ్గర ట్యాప్ చేస్తే, అంటే కనెక్షన్ అక్కడ తగిలిస్తే, 33. లెక్కలో 8 చుట్లే వచ్చినా 12 చుట్టాలి. సెకండరీ పైన టొరాయిడ్ (గారె ఆకారపు లోహపు టోపీ) మార్చితే ట్యాప్ జరపడానికి చోటుండాలి కదా. మిగిలిన పైపులో ఒకటిన్నర మీటర్లతో స్ట్రైక్ రింగ్ (పైనుంచి వచ్చే స్పార్కు ప్రైమరీ మీద పడకుండా అడ్డుకునే రింగు) అవుతుంది. దాని కొసలు కలపకండి, కలిపితే షార్ట్ అయిన చుట్టులా పనిచేసి శక్తి తినేస్తుంది.

సరుకు పాడయ్యేది విప్పేటప్పుడే. స్ప్రింగులా పక్కకు లాగితే మడత పడుతుంది. కొస నేలకు అదిమిపెట్టి చుట్టను దొర్లించండి. వంచి, సాపు చేసి, మళ్లీ వంచితే రాగి గట్టిపడి మాట వినదు.

ప్రైమరీ పైపును మోసే ఆనింపులకు 10 మిల్లీమీటర్ల అక్రిలిక్, లేదంటే కూరగాయలు కోసే తెల్ల ప్లాస్టిక్ పలక. చెక్క వద్దు, తేమ పడితే స్పార్కు దారి చేసుకుని బొగ్గవుతుంది. 8 ఆనింపులకూ ఒకే కొలతన రంధ్రాలు వేయడం అందరూ చేసే తప్పు. స్పైరల్ కాబట్టి ఒక్కోదానికి 1.6 మిల్లీమీటర్లు బయటికి జరగాలి: కేంద్రం నుంచి లోపలి రంధ్రం మొదటిదానిలో 85, రెండోదానిలో 86.6, అలా.

ట్యాప్‌కు మొసలి క్లిప్పు పెడితే కాంటాక్టు చాలక మాడుతుంది. రాగి రేకును పైపు చుట్టూ వంచి బోల్టుతో బిగించండి. ట్యాప్ జరిపే ముందు ప్లగ్ పీకి, కెపాసిటర్ కొసలను పొడవాటి ప్లాస్టిక్ పిడి ఉన్న తీగతో షార్ట్ చేయాలి. అందులో మిగిలిన చార్జీ చాలు ప్రాణం తీయడానికి.