6 వాట్ల యూవీ చేతిదీపం: సన్నపొరల వెలుగుకు సరిపోతుందా?

తిరుపతి కెమిస్ట్రీ ల్యాబుల్లో టీఎల్‌సీ ప్లేట్లు (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూసే పూత పలకలు) చూసే దీపమే ఇది. ఒకవైపు 254, ఇంకోవైపు 365 నానోమీటర్ల ట్యూబు, ఒక్కోటి 6 వాట్లు. యూరోపియమో టెర్బియమో (వెలుగునిచ్చే అరుదైన మృత్తిక లోహాలు) కలిపిన ఆక్సైడ్ పొర వెలుగుతోందా లేదా తేల్చడానికి ఫిజిక్సు ప్రాజెక్టు పిల్లలూ దీన్నే అడిగి పట్టుకెళ్తారు. ఆ మాట తేల్చడానికి చాలు, కొలతకు పనికిరాదు.

యిట్రియం ఆక్సైడ్‌లో యూరోపియమైతే 254 వైపే వెలిగించాలి. ఆక్సిజన్ నుంచి యూరోపియానికి ఎలక్ట్రాన్ మారే పట్టీ 250 దగ్గరే ఉంది. అక్కడ మింగిన శక్తి 611 దగ్గర ఎర్రగా బయటికొస్తుంది. 365 కింద పొర దాదాపు చీకటే. అది చూసి మంచి పొరను పారేసేవాళ్లు ఎందరో! జింక్ ఆక్సైడ్‌లో దీనికి తిరకాసు: 365 కింద కనిపించే పసుపుపచ్చ చాలాసార్లు దాని సొంత లోపాలది, యూరోపియం గొప్పేమీ కాదు.

అసలు చిక్కు టెర్బియంతో. దాని పచ్చ వెలుగు 545 దగ్గర, ట్యూబులోని పాదరసం సొంతంగా ఇచ్చే పచ్చ వెలుగు గీత 546 దగ్గర. అది దీపం ఫిల్టరు దాటి కాస్త జారినా స్పెక్ట్రోమీటరు (వెలుగును రంగులవారీగా కొలిచే పరికరం) మోసపోతుంది. టెర్బియం లేని పొరను పక్కనే పెట్టి చూడాలి. 490 దగ్గర కూడా శిఖరం ఉంటేనే నమ్మాలి. ఎర్బియమనే అలాంటి మరో లోహం ముఖ్యమైన వెలుగు 1540లో, అంటే పరారుణంలో. దానికి కళ్లు చాలవు.

గది చీకటి చేసి, దీపం 5 సెంటీమీటర్ల ఎత్తున, పొర దీపం వైపు ఉండేలా పెట్టండి. మామూలు గాజు 254ను దాటనివ్వదు, వెనకనుంచి వేస్తే ఏమీ కనపడదు. పొర వక్రీభవన గుణకం 1.9 కావడంతో వెలుగులో నూటికి ఏడెనిమిది పాళ్లే ముందువైపు వస్తాయి. చాలాభాగం లోపలే తిరుగుతూ పోతుంది, అందుకే గాజు అంచు కూడా చూడాలి.

అప్పటికీ వెలగకపోతే తప్పు ఎక్కువసార్లు పొయ్యిది. గాజు స్లైడు 600 డిగ్రీల లోపే మెత్తబడుతుందని కాల్చడం 450 దగ్గర ఆపేస్తారు. పూత ద్రావణంలోని నైట్రేటు, హైడ్రాక్సిల్ పొరలో మిగిలి వెలుగును తినేస్తాయి. క్వార్ట్జ్ మీద 6 పూతలు వేసి 900 డిగ్రీల్లో గంటసేపు కాల్చాలి. యూరోపియం 5 శాతం చాలు, ఇంకా పెంచితే తగ్గుతుంది. అక్టోబరు, డిసెంబరు మధ్య తేమకు నైట్రేటు ఉప్పు నీరు పీల్చి తూకం తప్పిస్తుంది. ఆక్సైడే తూచి నైట్రిక్ యాసిడ్‌లో కరిగించుకోవడం మేలు.

254 కళ్లను కాలుస్తుంది, పాలికార్బొనేట్ కళ్లద్దాలు తప్పనిసరి. ఫిల్టరు గాజు వాడేకొద్దీ చెడి, ఊదా వెలుగు అలాగే ఉన్నా 254 తగ్గిపోతుంది. అందుకని ఎఫ్254 (254 కింద పచ్చగా మెరిసే పూత ఉన్న) టీఎల్‌సీ ప్లేటు ముక్కొకటి పక్కన ఉంచుకోండి. అది పచ్చగా మెరవకపోతే ట్యూబో ఫిల్టరో మార్చాల్సిందే, పొరను అనకండి.