కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్, స్మార్ట్ నీటి మీటర్లు: నాలుగేళ్లు వాడాక

మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2021లో ప్రతి ఫ్లాట్‌కీ వాడుకను ఫోన్ యాప్‌లో చూపించే స్మార్ట్ నీటి మీటర్లు, సంపుకీ పై ట్యాంకుకీ లెవెల్ సెన్సర్లు, పార్కింగ్‌లో మనిషి కదిలితే వెలిగే లైట్లు పెట్టించాం. అప్పుడు నేను అసోసియేషన్ సెక్రటరీని. ఇలాంటివి పెట్టించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఏప్రిల్ వచ్చిందంటే మా రెండు బోర్లలో ఒకటి ఎండిపోయేది. జలమండలి (హైదరాబాద్ నీటి బోర్డు) నీళ్లు ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితమే అయినా మాకు సరిపడా వచ్చేవి కావు. రోజూ మూడు నాలుగు ట్యాంకర్లు తెప్పించి, ఆ ఖర్చు అన్ని ఇళ్లకూ సమానంగా పంచేవాళ్లం. ఇద్దరున్న ఇంటికీ, ఏడుగురున్న ఇంటికీ ఒకటే లెక్క. ప్రతి మీటింగ్‌లో ఇదే గొడవ.

మీటర్లు కొనేముందు ఒక విషయం చూసుకోండి. మా బిల్డింగ్‌లో ఒక్కో ఫ్లాట్‌కి డక్ట్ (పైపులు దిగే సందు) నుంచి మూడు పైపులు వస్తాయి. వంటింటికి ఒకటి, బాత్రూములకు రెండు. అంటే మొత్తం 120 మీటర్లు. కొటేషన్ అడిగేటప్పుడు ఫ్లాట్లు ఎన్నో కాదు, పైపులు ఎన్నో చెప్పాలి. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. లోపల చక్రం తిరిగే మీటరైతే ఉప్పు పేరుకుని పట్టేస్తుందని, కదిలే భాగాలు లేని అల్ట్రాసోనిక్ రకం తీసుకున్నాం. రేటు ఎక్కువే. కానీ ఇప్పటివరకు మార్చింది ఐదే.

వీటి విలువ నాకు తెలిసొచ్చింది రెండో నెలలో. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన, ఆంటీ అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లారు. తాళం వేసిన ఇల్లు. యాప్‌లో చూస్తే ఒక బాత్రూమ్ మీటర్ గంటకు 30 లీటర్లు చూపిస్తోంది, అర్ధరాత్రి కూడా! పెద్దాయనకు ఫోన్ చేసి, పక్కింట్లో ఇచ్చిన తాళంచెవితో ప్లంబర్‌ని తీసుకెళ్లాను. కమోడ్‌లోకి నీళ్లు సన్నగా, చప్పుడు లేకుండా జారుతున్నాయి. ఫ్లష్ ట్యాంకులో రబ్బరు మూత అంచున ఉప్పు గట్టిపడి సరిగ్గా మూసుకోవడం లేదు. రబ్బరు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. అది రోజుకు 720 లీటర్లు వదిలేసింది. ఆ వారమే అన్ని ఫ్లాట్ల రాత్రి రీడింగులు చూస్తే ఇంకో ఆరిళ్లలో ఇదే లీకు.

వాడుకను బట్టి బిల్లు వేయడం మొదలుపెట్టాక ఎవరూ చెప్పకుండానే అలవాట్లు మారాయి. ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నారు. ఉమ్మడి కుటుంబాలవాళ్లు మాత్రం బాధపడ్డారు, అందులో న్యాయం ఉంది. అందుకే బిల్లు శ్లాబును, అంటే ఎన్ని లీటర్ల దాకా ఏ రేటు అనే హద్దును, ఇంటికి కాకుండా మనిషికి ఇంత అని మార్చాం. ఈ పని మొదట్లోనే చేసి ఉండాల్సింది.

లెవెల్ సెన్సర్ల వల్ల నిద్ర దక్కింది. ఇదివరకు తెల్లారి ఐదింటికి వాచ్‌మన్ వచ్చి "సార్, పైన నీళ్లు అయిపోయినయ్" అనేవాడు. ఇప్పుడు ట్యాంకు తగ్గితే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. సంపులో నీళ్లు లేకపోతే ఆన్ కాదు, కాబట్టి మోటారు కాలిపోతుందన్న టెన్షన్ లేదు.

లైట్లకు మొదట 30 సెకన్లు పెట్టారు. మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచే ఒక ఆంటీ ర్యాంపు మధ్యలో ఉండగానే చీకటైపోయింది. వెంటనే రెండు నిమిషాలకు పెంచి, ఎప్పుడూ కొద్దిగా వెలుతురు ఉండేలా మార్పించాం. కరెంటు కొంచెం తక్కువ మిగిలినా ఫర్వాలేదు.

ఇక ఇబ్బందులు. పిడుగుపాటుకు ఒకసారి గేట్‌వే (మీటర్ల రీడింగులు యాప్‌కి పంపే పెట్టె) కాలిపోతే, మీటర్లు అమ్మిన కంపెనీ బాగుచేయడానికి 19 రోజులు తీసుకుంది. అన్ని రోజులూ నేనూ వాచ్‌మన్ టార్చిలైటుతో డక్టుల్లోకి తొంగి చూసి రీడింగులు రాసుకున్నాం. మీటర్ మీద అంకెలు కనిపించే రకం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ నెల బిల్లే లేదు. ఏటా కట్టే యాప్ చార్జీ కూడా కొనేటప్పుడు స్పష్టంగా చెప్పలేదు. ఎన్నేళ్లకు ఎంతో కాగితం మీద రాయించుకోండి. మీటర్ల బ్యాటరీలు ఎవరు మార్చాలో కూడా రాయించండి.

పోయిన వేసవి చాలావరకు రోజుకు ఒక ట్యాంకర్‌తో గడిచింది. మే రెండో వారంలో మాత్రం రెండేసి తెప్పించాం.