తలకోన: నీళ్ళ కోసం పోతే అడవి దొరికింది

తిరుపతిలో పుట్టి పెరిగినోళ్ళకి తలకోన జలపాతం అంటే ఒకటే గుర్తు. కార్తీక మాసం వనభోజనాలు, పులిహోర పొట్లం, ఆ పొట్లం లాక్కోని చెట్టెక్కిన కోతి. నేను కూడా అంతే, చిన్నప్పట్నుంచి అయిదారు సార్లు పోయుంటా, పోయిన ప్రతిసారీ నీళ్ళ కింద తల పెట్టడం, కేకలెయ్యడం, తడి బట్టలతో బండెక్కి వచ్చెయ్యడం. అడవిలోకి పోయింది మాత్రం లేదు. ఈ డిసెంబర్ సెలవులకి విజయవాడ నుంచి మా బావమరిది దిగాడు, "బావా, దర్శనం అయింది, లడ్డూలు తిన్నాం, ఇంక ట్రెక్కింగ్ ఏదైనా చూపించు" అని కూర్చున్నాడు. మేం ఉండేది బెంగళూరు, సెలవులకి మాత్రం తిరుపతి బైరాగిపట్టెడలో అమ్మ దగ్గరే.

ఎక్కడికి పోవాలనే దాని మీద ఒక రాత్రంతా పంచాయితీ. తిరుపతి చుట్టూ జలపాతాలకి కొదవ లేదు గానీ ఒక్కోదానికి ఒక్కో లెక్క. కైలాసకోన సులువు, పుత్తూరు నారాయణవనం పక్కన, ఏడాదంతా ఎంతో కొంత ధార ఉంటుంది, ముసలోళ్ళని కూడా తీసుకుపోవచ్చు, కానీ కార్ దిగీ దిగంగానే నీళ్ళు, దాన్ని ట్రెక్ అంటే మావాడు ఒప్పుకోడు. వరదయ్యపాళెం దగ్గర ఉబ్బలమడుగు, అదే చెన్నై వాళ్ళు తడ ఫాల్స్ అంటారే అది, నడక బాగుంటుంది గానీ సెలవు రోజుల్లో నీళ్ళ కంటే జనమే ఎక్కువ. నాగలాపురం నాకు అన్నిటికంటే ఇష్టం. వంకలోనే నడవాలి, బండల మీద దూకుతా, మడుగు తర్వాత మడుగు, ఈత వచ్చినోళ్ళకి స్వర్గమే. దిగువకొచ్చాక వేదనారాయణస్వామి గుడి ఉంది, కృష్ణదేవరాయలు వాళ్ళమ్మ నాగలాంబ పేరు మీదే ఆ ఊరు. కానీ ఏడేళ్ళ పాపతో లోతు మడుగులు వద్దని మా ఆవిడ గట్టిగా చెప్పేసింది. నాక్కూడా ఒక చేదు అనుభవం ఉందిలే. పోయినేడాది ఆఫీసోళ్ళతో ఒక వీకెండ్ ప్యాకేజీలో పోయా, పేరొద్దు, నలభై మందికి ముందొకడు వెనకొకడు, ముందోడేమో విజిల్ వేస్తా పరిగెత్తినట్టు నడుస్తాడు, పక్కనున్న చెట్టు పేరడిగితే "ఫారెస్ట్ ట్రీ సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మా ఆఫీసులో జోకు.

కాబట్టి తలకోనే, కానీ ఈసారి గైడ్‌ని పెట్టుకోని, అందరూ చూసే కింది జలపాతం దాటి అడవిలో పైనుండే ధార, అదే పైకోన దాకా పోదాం అనుకున్నాం. అమ్మ ఒప్పుకోలేదు. "చిరుతలు తిరగతాండాయి, ఏనుగులు తిరగతాండాయి, మీకు అడివే దొరికిందా?" అంది. ఆమె భయం ఊరికే కాదు, 2023లో అలిపిరి నడక దారిలో చిన్న పాపని చిరుత తీసుకుపోయిన సంగతి తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు, 2025లో శివరాత్రికి ముందు గుండాలకోన దారిలో నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడ్డాయి. అదంతా ఈ శేషాచలం వరసే. అందుకే గైడ్ లేకుండా పోవద్దు అనుకున్నదే తప్ప, అప్పటికి గైడ్ మీద నాకు పెద్ద ఆశలేం లేవు. దారి చూపిస్తాడు, చాలు అనుకున్నా.

తిరుపతి నుంచి దాదాపు 55 కిలోమీటర్లు. చంద్రగిరి దాటి మదనపల్లె రోడ్డులో పోతే భాకరాపేట ఘాట్ వస్తుంది, ఎక్కేటప్పుడు అందంగానే ఉంటుంది గానీ ఆ మలుపులు తమాషా కాదు, 2022లో నిశ్చితార్థానికి వస్తున్న ధర్మవరం వాళ్ళ బస్సు లోయలో పడింది ఇక్కడే. తొందర పెట్టొద్దు. భాకరాపేటలో పెట్రోలు, నీళ్ళు, పండ్లు అన్నీ తీసేసుకోండి, ఆ తర్వాత కోన ముందర వచ్చే ఊరు నెరబైలు దాకా చెప్పుకోదగ్గ అంగళ్ళు లేవు. ఫోన్ సిగ్నల్ అయితే నెరబైలు దాటినాక దేవుడి దయ.

ఉదయం ఆరున్నరకే నడక మొదలెట్టాలంటే ముందు రోజే పోయి పడుకోవాలి, అందుకని కోనకి దగ్గర్లోనే ఒక గది తీసుకున్నాం. ఫోటోల్లో కుటీరం, తీరా చూస్తే పరుపు చెమ్మ, గీజర్ బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది నీళ్ళు మాత్రం చల్లగానే వస్తాయి, రాత్రి రెండు గంటలు కరెంటు లేదు. దుప్పట్లు మనవే తీసుకుపోవాల్సింది, తప్పు నాదే, డిసెంబర్‌లో కోనలో చలి తిరుపతి చలి లెక్క కాదు. భోజనం ముందే చెప్పకపోతే దొరకదు. ఇంత చెప్పి కూడా ఆ గదిని తిట్టబుద్ధి కావట్లేదు, ఎందుకంటే కరెంటు పోయినప్పుడు బయటికొచ్చి కూర్చున్నాం, మా పాప మొదటిసారి అన్ని చుక్కలు చూసింది, పక్కనెక్కడో నీళ్ళ చప్పుడు ఆగకుండా వస్తానే ఉంది. చంటి పిల్లలున్నోళ్ళు, పెద్దోళ్ళున్నోళ్ళు మాత్రం తిరుపతిలోనే పడుకోని నాలుగున్నరకి బయల్దేరండి, అది నయం.

గైడ్ గురించి. ఆయన్ని మేం పెద్దాయన అనే పిలిచాం, అరవై దాటుంటాయి, నెరబైలు పక్క పల్లె. ప్యాంటు మీద కండువా, చేతిలో కొడవలి, కాళ్ళకి మామూలు హవాయి చెప్పులు. మా బావమరిది కాళ్ళకేమో ఆరు వేల రూపాయల బూట్లు. పెద్దాయన ఆ బూట్లని ఒకసారి చూసి, "బండ మీద ఇవి నిలబడవు సామీ, జాగర్త" అన్నాడు. మావాడు నవ్వాడు. ఎవరు పడ్డారో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ముందు సిద్ధేశ్వరస్వామి గుడికి దండం పెట్టుకోని బయల్దేరాం. కింద జలపాతం దాకా అందరూ పోయే దారే, అక్కడ ఆగలేదు, "వచ్చేటప్పుడు చూద్దురు, ఇప్పుడు ఎండ ఎక్కకముందే పైకి పోవాల" అన్నాడు. అక్కణ్ణుంచి కాలిబాట. మొదటి పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, నేను మనసులో సరే మళ్ళీ ఫారెస్ట్ ట్రీనే అనుకున్నా. ఒక మలుపులో ఆగి, నేలంతా తాచుపాముల్లా మెలికలు తిరిగిన తీగ మీద చెయ్యేసి "అమ్మణ్ణీ, ఇదేంది చెప్పు?" అని మా పాపని అడిగాడు. అది "కొమ్మ తాతా" అంది. కొమ్మ కాదు, గిల్లతీగ. నా తొడంత లావు. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలీదు, ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టు మీదికి, వంక దాటి అటువైపుకి కూడా పోయింది. దాని కాయలు మీటరు పొడవు దాకా పెరుగుతాయి, చిక్కుడు జాతిలో ఇంత పొడుగు కాయ ఇంకోటి లేదంటారు, లోపల గింజేమో నున్నగా గోధుమరంగులో అరచేతిలో సగం. ఆయన చిన్నప్పుడు ఆ గింజని బండకి రాసి పక్కోడి చేతికి పెట్టి చురుక్కుమనిపించేవాళ్ళంట. ఒకటి రాసి మా బావమరిదికి పెట్టాడు కూడా. నేల మీద పడింది అయినా సరే ఇంటికి తీసుకుపోనివ్వలేదు, ఇది నేషనల్ పార్కు, ఆకు కూడా ఎత్తుకుపోకూడదు అన్నాడు. పాప ఏడుపు మొహం పెట్టింది, ఆయన కరగలేదు.

ఆ తర్వాత ఎర్రచందనం. నేను పేపర్లో దుంగలు, టాస్క్‌ఫోర్స్, అరెస్టులు చదవడమే గానీ నిలబడున్న చెట్టుని ఇదీ అని గుర్తుపట్టింది లేదు, నలభై ఏళ్ళొచ్చాయి, సిగ్గుగా అనిపించింది. బెరడు మొసలి వీపులాగా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. మా ఆవిడ దగ్గరికి పోయి వాసన చూసింది, ఏ వాసనా లేదు. "గంధం చెట్టు యేరే, ఇది యేరే తల్లీ, దీనికి రంగే గానీ వాసన ల్యా" అన్నాడు. లోపలి చేవ ఎంత గట్టిదంటే నీళ్ళలో వేస్తే మునిగిపోతుందంట. ప్రపంచంలో ఇది సహజంగా పెరిగేది మన కడప, చిత్తూరు, నెల్లూరు చుట్టుపక్కల కొండల్లోనే, అదే దీనికి శాపం కూడా అయింది. ఆ మాట దగ్గర ఆయన గొంతు తగ్గించాడు, ఎవరెవర్నో చూసుంటాడు ఈ దారుల్లో, మేం కూడా గుచ్చి అడగలేదు.

ఒక చోట పెద్ద బండ గొడుగులా ముందుకొచ్చి ఉంటే కిందికి వంగి టార్చ్ వేసి చూపించాడు. పైకప్పుకి తెల్లగా సున్నం చుక్కల్లా అతుక్కోని గుంపులు గుంపులు. బంగారు బల్లి గుడ్లంట, చాలా వరకు పాత పెంకులే. ఒక్కటి కాదు, బల్లులన్నీ వచ్చి ఒకే చోట పెడతాయంట. బల్లి మాత్రం కనపళ్ళేదు, అది రాత్రి తిరిగేది. ఇంకొంచెం పైకి పోయాక బెట్టుడుత కనపడింది, పిల్లి అంత సైజు ఉడుత, తోక దాని ఒంటికంటే పొడుగు, కొమ్మ మీద నుంచి మమ్మల్ని తిడుతున్నట్టు టకటకా అరిచి పోయింది. చిరుత, ఏనుగు ఏమీ కనపళ్ళేదు, ఒక చోట మాత్రం ఎండిపోయిన ఏనుగు లద్దె చూపించి "పాతదే, నెల పైన అయింటాది" అన్నాడు. అయినా మా ఆవిడ అక్కణ్ణుంచి ఆయన వెనకే అడుగులో అడుగేసి నడిచింది.

దారిలో ఒక వాదన కూడా జరిగింది. శేషాచలానికి తల కాబట్టి తలకోన అని ఆయన అన్నాడు. మరి ఆదిశేషుడి పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని కదా మేం చిన్నప్పట్నుంచి వింటున్నది, ఇక్కడ ఇంకో తల ఎట్లొచ్చింది అని నేనడిగా. పెద్దాయన ఆగి, బీడీ లేకుండానే బీడీ తాగేవాడిలా ఆలోచించి, "ఆయనకి వెయ్యి తలలు కదా సామీ, ఒకటి మాకిచ్చినాడు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పైకోన చేరేసరికి తొమ్మిది దాటింది. పాప నడకకి తగ్గట్టు రెండున్నర గంటలు, పెద్దోళ్ళయితే ఒకటిన్నరలో పోవచ్చేమో. చివరి ముక్క మాత్రం నిజంగా కష్టం, తడి బండలు, చేతులు పెట్టి ఎక్కాలి. ఇక్కడే ఆరు వేల బూట్లు జారాయి, మావాడు నడుము దాకా నీళ్ళలో కూర్చున్నాడు, దెబ్బేం తగల్లేదు గానీ ఫోన్ పోయింది. పెద్దాయన ఏమీ అనలేదు, చెయ్యిచ్చి లేపి తన చెప్పుల వైపు ఒక్కసారి చూసుకున్నాడంతే.

పైన ధార చిన్నదే. నిజం చెప్పాలంటే కింద 270 అడుగుల నుంచి పడే దాని ముందు ఇది ఏమీ కాదు, ఫోటోలో పెడితే ఎవరూ లైక్ కొట్టరు. కానీ అక్కడ మేం నలుగురం, పెద్దాయన, అంతే. ఒక్క ప్లాస్టిక్ కాయితం లేదు, ఒక్క స్పీకర్ మోత లేదు. నీళ్ళు ఐసు. మెడ లోతు దాటే చోట దిగనివ్వలేదు, నేను ఈత వచ్చు అన్నా కూడా, "కింద బండ ఎట్లుందో నాకే తెలీదు, మీకేం తెలుసు" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయనకి ఇచ్చిన డబ్బులు చెల్లు అనిపించింది. ఇడ్లీలు, ఊరిబిండి అక్కడే తిన్నాం, మిగిలిన ఆకులు కూడా సంచీలోనే పెట్టించాడు.

దిగొచ్చి పదకొండున్నరకి కింద జలపాతం దగ్గర నిలబడితే వేరే లోకం. అప్పటికి బస్సులు దిగేశాయి, మెట్ల మీద తడి, తోపులాట, కోతుల దండు. నీళ్ళు మాత్రం బాగున్నాయి, నవంబర్ వానలు గట్టిగా పడ్డాయి కదా, ఎండాకాలంలో వస్తే ఇందులో పావు వంతు కూడా చూడరు. నన్నడిగితే తలకోనకి అక్టోబర్ నుంచి జనవరి లోపే రండి, అదీ మంగళ బుధవారాల్లో. వాన తడికి తాళ్ళ వంతెన ఎక్కనివ్వడం లేదన్నారు, చెట్ల కొసల్లో 240 మీటర్ల పొడవుంటుంది, పాపకి అదొక్కటే నిరాశ. తడి తాళ్ళ మీద ఎక్కించకపోవడమే మంచిది లెండి.

గైడ్ అడిగింది నలుగురికీ కలిపి ఏడొందలు, మేం వెయ్యి ఇచ్చాం. ఆ ప్యాకేజీ వాడు మనిషికి పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. గేటు దగ్గర టికెట్, బండికి డబ్బులు వేరే, చిల్లర ఉంచుకోండి, సిగ్నల్ లేక ఫోన్‌పే పనిచెయ్యదు. గైడ్ కావాలంటే ముందు రోజు సాయంత్రమే గేటు దగ్గర అడిగి పెట్టుకోండి, పొద్దున పోయి అడిగితే ఎవరో ఒక కుర్రాడు దొరుకుతాడు గానీ ఇట్లాంటి పెద్దాయన దొరకడు. మధ్యాహ్నం నెరబైల్లో ఒకరింట్లో చెప్పి చేయించుకున్న రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. మా ఆవిడది కృష్ణా జిల్లా, పెళ్ళై పదేళ్ళైనా సంగటి ముట్టనిది, ఆ రోజు రెండు ముద్దలు లాగించింది. ఆకలి మహిమ అంటుంది, ఒప్పుకోదు.

బయల్దేరేటప్పుడు పెద్దాయన మా పాపని పక్కన నిలబెట్టుకోని గిల్లతీగ కింద ఒక ఫోటో తియ్యమన్నాడు. వాట్సాప్‌లో పంపిస్తా నంబరు చెప్పు పెద్దాయనా అంటే, ఆయనది బటన్ల ఫోను. "కాయితం మీద ఈ సామీ, మా మనవరాలికి చూపించాల" అన్నాడు. ప్రింట్ తీయించి పెట్టాను, సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నెరబైలు పోయి ఇచ్చి రావాలి.